సాటర్న్-5 మోడల్ రాకెట్ కిట్ కట్టడం, ఎగరేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో ఉంటున్న తెలుగు కుటుంబాల్లో పిల్లల పుట్టినరోజుకో, క్రిస్మస్ సెలవులకో ఎస్టెస్ అనే మోడల్ రాకెట్ కంపెనీ వాళ్ళ 1:100 సాటర్న్-5 కిట్ (మనుషుల్ని చంద్రుడి మీదకు పంపిన అపోలో రాకెట్‌కు నూరో వంతు నమూనా) కొనేవాళ్ళు బాగానే ఉన్నారు. పెట్టె తెరిచాక మొదలయ్యే సందేహాలు మాత్రం అందరివీ ఒకటే. వాటిని పని జరిగే క్రమంలో ఇక్కడ పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు.

## కొనే ముందు

ఇదే మా మొదటి రాకెట్. డైరెక్టుగా సాటర్న్-5 కొనేయొచ్చా?

వద్దు. ముందు ఒక చిన్న కిట్, అంటే ఒక ట్యూబు, మూడు బాల్సా చెక్క ఫిన్స్ (తోక దగ్గరి రెక్కలు), ఒక ప్యారాచూట్ ఉన్నది కట్టి, ఎ లేదా బి అనే చిన్న మోటర్ (రాకెట్‌ను పైకి నెట్టే మందు గొట్టం) మీద ఎగరేయండి. ఫిన్ నిటారుగా అతికించడం, ప్యారాచూట్ మడవడం, ఇగ్నైటర్ (మోటర్‌ను వెలిగించే తీగ) పెట్టడం లాంటి పనులకు అక్కడే చేయి అలవాటవుతుంది. చిన్నదానిలో తప్పు జరిగితే పోయేది కొద్ది డాలర్లు. సాటర్న్-5లో జరిగితే నెలల పని పోతుంది. పిల్లలకు కూడా ఒక సాయంత్రంలో పూర్తయి శనివారం ఎగిరే రాకెట్ ముందుగా చేతిలో ఉంటే, పెద్దదాని మీద ఓపిక నిలుస్తుంది.

ఈ కిట్ ఎంత పెద్దది? అసలు రాకెట్‌లాగే ఉంటుందా?

అసలు సాటర్న్-5 ఎత్తు 363 అడుగులు, అంటే సుమారు 110.6 మీటర్లు. దాన్ని నూరో వంతుకు కుదిస్తే దాదాపు 110 సెంటీమీటర్లు. ఒంటి వ్యాసం 10 సెంటీమీటర్లు. అయిదారేళ్ళ పిల్లల ఎత్తన్నమాట. డైనింగ్ టేబుల్ మీద కొన్ని వారాలు చోటు ఖాళీ ఉంటుందో లేదో ఇంట్లో ముందే మాట్లాడుకోండి. ఎస్టెస్ ఈ సైజులో సాటర్న్-5ను మొదట తెచ్చింది అపోలో-11 వెళ్ళిన 1969లోనే. ఆ తర్వాత చాలాసార్లు మార్పులతో మళ్ళీ విడుదల చేశారు. 2019లో యాభై ఏళ్ళ సందర్భంగా వచ్చిన కిట్‌కు నంబరే 1969 అని పెట్టారు. పాత కిట్ సెకండ్ హ్యాండ్‌లో కొంటుంటే ప్లాస్టిక్ షీట్లు పసుపెక్కి పెళుసుబారాయేమో, డెకాల్స్ (నీళ్ళలో తడిపి అంటించే స్టిక్కర్లు) పగిలాయేమో ఫొటోలు అడిగి చూసుకోండి.

కష్టం అంటారు సరే, అసలు కష్టం ఎక్కడుంది?

ఎగరేయడంలో అంత కష్టం లేదు. కష్టమంతా సైజులోనూ, చుట్టూ వచ్చే డీటెయిల్స్‌లోనూ ఉంది. అసలు రాకెట్ ఒంటి మీద కనిపించే గాడులన్నీ ఈ కిట్‌లో పల్చటి ప్లాస్టిక్ షీట్లుగా వస్తాయి. వాటిని కొలత తప్పకుండా కోసి, ట్యూబు చుట్టూ చుట్టి, అంచు కనపడకుండా అతికించాలి. కొనన ఉండే ఎస్కేప్ టవర్ అగ్గిపుల్లలంత సన్నటి ముక్కలతో కట్టాలి. ఆపైన నలుపు తెలుపు గళ్ళ పెయింటింగ్. వీటిలో ఏ ఒక్కటీ విడిగా చూస్తే గొప్ప పని కాదు. కానీ ఒకదాని మీద ఒకటి కూర్చునే పనులు కాబట్టి, మొదట్లో ఒక మిల్లీమీటరు తేడా వస్తే చివర డెకాల్ దగ్గర బయటపడుతుంది.

పెట్టెలో మోటర్లు ఉంటాయా? ఇంకా ఏం కొనాలి?

మోటర్లు, లాంచ్ ప్యాడ్, కంట్రోలర్ విడిగా కొనాలి. ఇవి కాక పసుపురంగు వుడ్ గ్లూ, ప్లాస్టిక్ సిమెంట్, కొద్దిగా ఎపాక్సీ, కొత్త బ్లేడ్లు ఒక ప్యాకెట్, 220, 400 నంబర్ల ఉప్పు కాగితం, ప్రైమర్, తెలుపు, నలుపు స్ప్రే డబ్బాలు, మంచి మాస్కింగ్ టేపు కావాలి. బ్లేడ్ల దగ్గర పొదుపు చేయకండి. మొద్దుబారిన బ్లేడు పల్చటి ప్లాస్టిక్‌ను కోయదు, చింపుతుంది. మోటర్లు దగ్గర్లోని హాబీ షాపులో దొరికితే అక్కడే తీసుకోండి. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే ప్రమాదకర సరుకు కింద అదనపు ఛార్జీ పడవచ్చు.

## ట్యూబులు, గ్లూ

ట్యూబు మీద తిన్నగా నిలువు గీత గీయడం నా వల్ల కావడం లేదు. ఏదైనా చిట్కా ఉందా?

తలుపు చట్రం వాడండి. ట్యూబును చట్రం మూలలో నిలువుగా ఆనిస్తే అది ఎటూ దొర్లదు, చట్రం అంచే స్కేలు అవుతుంది. అల్యూమినియం యాంగిల్ ముక్క ఉంటే ఇంకా మంచిది. ముందు కాగితం చుట్టి చుట్టుకొలత తీసుకుని, ఆ కాగితాన్ని నాలుగుగా మడిచి గుర్తులు పెట్టండి. ఆ నాలుగు గుర్తుల నుంచి నాలుగు నిలువు గీతలు. ఫిన్స్, ప్లాస్టిక్ చుట్ల అతుకులు, లాంచ్ లగ్ (ప్యాడ్ మీది నిలువు రాడ్డు వెంట జారడానికి అతికించే చిన్న గొట్టం), నల్ల గళ్ళు అన్నీ ఈ నాలుగు గీతల మీదే ఆధారపడతాయి. పెన్సిల్ వాడండి. పెన్ను సిరా తెల్ల పెయింటు కింద నుంచి పైకి ఊరుతుంది.

కప్లర్ (రెండు ట్యూబులను లోపలి నుంచి కలిపే పొట్టి ట్యూబు) లోపలికి తోస్తుంటే మధ్యలోనే పట్టేసింది. ఇప్పుడేం చేయాలి?

పసుపు వుడ్ గ్లూతో ఇది మామూలే. గ్లూలోని నీటిని కాగితం ట్యూబు పీల్చుకుంటుంది, కప్లర్ ఉబ్బుతుంది, క్షణాల్లో కదలకుండా అయిపోతుంది. ఇంకా మెత్తగా ఉంటే మెలితిప్పుతూ ఒక్క ఊపులో లోపలికి తోయండి. గట్టిపడిపోతే లాగకండి, ట్యూబు చిరుగుతుంది. బయటికి మిగిలిన పొడవు సరిపోతుంటే అలాగే వదిలేయడం మేలు. మళ్ళీ ఈ సమస్య రాకుండా పెద్ద వ్యాసం అతుకుల దగ్గర నెమ్మదిగా సెట్ అయ్యే ఎపాక్సీ వాడండి. ఎపాక్సీకి ఇంకో లాభం కూడా ఉంది. వుడ్ గ్లూ ఎండేటప్పుడు కుంచించుకుపోయి ట్యూబు బయట ఒక సన్నటి నడుములాగా లోపలికి లాగుతుంది. నిగనిగలాడే తెల్ల రంగు మీద ఆ నొక్కు దూరం నుంచే కనిపిస్తుంది.

అయితే అంతటా ఎపాక్సీనే వాడేస్తే బలం కదా?

బలమే, బరువు కూడా. కాగితానికి కాగితం, కాగితానికి చెక్క అతికేచోట వుడ్ గ్లూ చాలు. సరిగా అతికితే గ్లూ ఊడే లోపు కాగితమే చిరుగుతుంది. రెండు వైపులా పల్చగా రాసి, కాస్త ఆరనిచ్చి, మళ్ళీ ఒక పూత రాసి నొక్కితే వెంటనే పట్టుకుంటుంది. తోకవైపు పడే ప్రతి గ్రాము గ్లూకీ బదులుగా ముక్కు వైపు బరువు కట్టాల్సి వస్తుంది కాబట్టి మోటర్ మౌంట్ (మోటర్ కూర్చునే లోపలి గొట్టం), ఫిన్స్ దగ్గర చేయి బిగించుకోండి.

మోటర్ మౌంట్ రింగులు కాస్త లూజుగా ఉన్నాయి. పర్వాలేదా?

పర్వాలేదు అనుకుని వదిలేయకండి. మోటర్ తోపు మొత్తం ఒంటికి చేరేది ఆ రింగుల ద్వారానే. ట్యూబు మీద మాస్కింగ్ టేపు చుట్టి గ్లూ పెట్టేవాళ్ళున్నారు, కానీ టేపు జిగురు ఏళ్ళ మీద ఎండిపోతుంది. దానికి బదులు సన్నటి కాగితం పట్టీని గ్లూతో చుట్టి, ఆరాక ఉప్పు కాగితంతో సరిచేయండి. మౌంట్ నడిమధ్యలో, ట్యూబుకు సమాంతరంగా ఉందో లేదో గ్లూ ఆరకముందే రెండు చివర్ల నుంచీ చూడండి. మోటర్ వంకరగా కూర్చుంటే రాకెట్ కూడా వంకరగానే పోతుంది.

## ప్లాస్టిక్ చుట్లు, ఫిన్స్, టవర్

గాడుల ప్లాస్టిక్ షీటు కోస్తుంటే అంచులు వంకర పోతున్నాయి. ఎలా?

ఒకే దెబ్బకు కోయాలని చూడకండి. స్టీలు స్కేలు ఆనించి, కొత్త బ్లేడుతో చాలా తేలిగ్గా ఒక గీత లాగండి. మళ్ళీ అదే గీత మీద రెండోసారి, మూడోసారి. ఆ తర్వాత వెనక్కి వంచితే షీటు గీత వెంట తానే విరుగుతుంది. గాడులకు అడ్డంగా కోసేటప్పుడు బ్లేడు ప్రతి గట్టు మీదా ఎగురుతుంది కాబట్టి వెనకవైపు నుంచి గీయడం సులువు.

కోసిన ముక్కను వెంటనే అతికించకండి. ముందు మాస్కింగ్ టేపుతో ట్యూబు చుట్టూ చుట్టి, రెండు కొసలు ఎక్కడ కలుస్తున్నాయో చూడండి. కొద్దిగా ఎక్కువ ఉంటే ఒక్కో గాడి చొప్పున తగ్గించుకుంటూ రావాలి. తక్కువైతే ఆ సందును తెల్ల పుట్టీతో పూడ్చి, ఆ అతుకు గోడవైపు వచ్చేలా పెట్టుకోండి. అన్ని చుట్ల అతుకులూ ఒకే నిలువు గీత మీదకు తెస్తే రాకెట్‌కు ఒక వీపు తయారవుతుంది. ఇక మూడు వైపులా ఎవరు చూసినా అతుకే కనపడదు.

ప్లాస్టిక్ చుట్టును కాగితం ట్యూబుకు ఏ గ్లూతో అతికించాలి?

వుడ్ గ్లూ ప్లాస్టిక్‌ను పట్టదు. ట్యూబ్‌లో వచ్చే ప్లాస్టిక్ సిమెంట్ ఎక్కువైతే పల్చటి షీటును కరిగించి గాడులు చదును చేసేస్తుంది. రెండు వైపులా పల్చగా రాసి ఆరాక అంటించే కాంటాక్ట్ సిమెంట్ బాగా పనిచేస్తుంది. అయితే ఒకసారి తగిలితే జరపడం కుదరదు. కాబట్టి మధ్యలో మైనం కాగితం పెట్టి, ఒక కొస అతికించి, కాగితాన్ని కొంచెం కొంచెంగా లాగుతూ చుట్టండి. ఏది వాడినా ముందు వృథా ముక్క మీద పరీక్షించి, ఒక రాత్రి ఆగి చూడండి.

సాటర్న్-5 ఫిన్స్ అంత చిన్నవి కదా, రాకెట్ స్థిరంగా ఎలా పోతుంది?

అసలు సాటర్న్-5ను నిటారుగా ఉంచింది దాని ఇంజన్లే. మొదటి దశలోని అయిదు ఎఫ్-1 ఇంజన్లలో బయటి నాలుగూ అటూ ఇటూ తిరుగుతూ దారి సరిచేసేవి. మోడల్‌లో అలాంటిదేమీ లేదు. తారాజువ్వకు వెనక పొడుగాటి పుల్ల ఏ పని చేస్తుందో మోడల్‌లో ఫిన్స్ ఆ పనే చేయాలి. స్కేలు ప్రకారం ఫిన్స్ చిన్నవి కాబట్టి మిగతా భారమంతా ముక్కు వైపు బరువు మీద పడుతుంది. కిట్‌లో చెప్పిన బరువును పై భాగంలో పెట్టడం మానేస్తే రాకెట్ కొంత ఎత్తుకు వెళ్ళి గిరికీలు కొడుతుంది.

ఎస్కేప్ టవర్ కడుతుంటే ప్రతిసారీ వంకరొస్తోంది.

నాలుగు కాళ్ళనూ ఒకేసారి నిలబెట్టాలని చూస్తే ఎవరికైనా వంకరే వస్తుంది. సూచనల కాగితం మీది బొమ్మను బల్లకు అంటించి, దాని మీద మైనం కాగితం పరిచి, ఒక వైపు ముఖాన్ని పడుకోబెట్టి కట్టండి. ఎదురు వైపు ముఖం కూడా అలాగే. రెండూ పూర్తిగా ఆరాక ఒకదానికి ఎదురుగా ఒకటి నిలబెట్టి అడ్డు ముక్కలు అతికించాలి. గ్లూ బొట్టును పుల్ల కొసతో పెట్టండి. సీసా మూతి నుంచి నేరుగా పిండితే టవర్ అంతా బుడిపెలే. నేలకు దిగేటప్పుడు ముందు విరిగేది ఇదే కాబట్టి, ఎగరడానికి చెక్క పుల్లలతో ముతకగా ఇంకోటి కట్టుకుని, అందమైనదాన్ని షోకేస్ కోసం దాచుకునేవాళ్ళున్నారు. నేనైతే అదే చేయమంటాను.

## రంగులు, డెకాల్స్

స్ప్రే పెయింట్ కొడితే ముడతలు పడ్డాయి. ఎందుకని?

చాలాసార్లు కారణం రెండు రకాల పెయింట్లు కలవడం, లేదా వేళ తప్పి రెండో కోటు కొట్టడం. ఎనామెల్ మీద లాకర్ కొడితే అడుగు పొర ఉబ్బి ముడతలు పడుతుంది. ప్రైమర్, రంగు, పైన క్లియర్ కోటు అన్నీ ఒకే కంపెనీ, ఒకే రకం తీసుకోండి. డబ్బా వెనక రెండో కోటు ఎన్ని నిమిషాల్లోపు, లేదా ఎన్ని గంటల తర్వాత అని రాసి ఉంటుంది. ఆ మధ్యలో కొట్టారంటే ముడతే. గాలిలో తేమ ఎక్కువున్న రోజు కొడితే మెరుపు పోయి పాలిపోయినట్టవుతుంది. ముడత పడ్డచోట పూర్తిగా ఆరేవరకు ఆగి, ఉప్పు కాగితంతో రుద్ది, మళ్ళీ పల్చటి పొరలతో మొదలుపెట్టండి.

ఇంటర్నెట్‌లో ఒక ఫొటోలో నల్ల పట్టీ ఒకచోట, ఇంకో ఫొటోలో ఇంకోచోట ఉంది. ఏది కరెక్టు?

రెండూ నిజమైన ఫొటోలే అయ్యుండొచ్చు. లాంచ్ ప్యాడ్‌ను పరీక్షించడానికి నాసా ముందుగా ఎగరని ఒక సాటర్న్-5 నిలబెట్టింది. దాని పేరు ఎస్‌ఏ-500ఎఫ్. దాని మొదటి దశ మధ్యభాగంలో, రెండు ట్యాంకుల నడుమ, నలుపు ఎక్కువ ఉండేది. నల్లరంగు ఎండకు వేడెక్కుతోందని తర్వాత ఎగిరిన రాకెట్లలో అక్కడ తెలుపు వేశారు. పాత మోడళ్ళు, బొమ్మలు చాలావరకు ఆ పరీక్ష రాకెట్‌నే అనుసరించాయి. మీరు అపోలో-11 కడుతుంటే 1969 జులై 16 నాటి లాంచ్ ఫొటోలు చూడండి, ఆ మధ్యభాగం తెల్లగా ఉంటుంది.

గాడుల మీద మాస్కింగ్ టేపు కింద నుంచి నలుపు పాకుతోంది. ఎలా ఆపాలి?

తెలుపు పూర్తిగా ఆరాక టేపు వేసి, గోటితో కాకుండా పుల్ల కొసతో ప్రతి గాడిలోకీ నొక్కండి. తర్వాత నలుపు కాకుండా ముందు అదే తెలుపును టేపు అంచు మీద పల్చగా కొట్టండి. పాకేదేదో తెలుపే పాకి సందులు మూసేస్తుంది. అది ఆరాక నలుపు. టేపును నలుపు ఇంకా కొంచెం మెత్తగా ఉన్నప్పుడే, వెనక్కి మడిచి నెమ్మదిగా లాగండి.

డెకాల్స్ నీళ్ళలో వేస్తే చుట్టుకుపోతున్నాయి.

గోరువెచ్చటి నీళ్ళు, ఒక చుక్క డిష్ సోప్. నీళ్ళలో నానబెట్టి వదిలేయకండి. కొన్ని క్షణాలు ముంచి బయటికి తీసి కాగితం మీద పెడితే జిగురు తానే వదులుతుంది. అతికించేచోట కూడా తడి చేస్తే జరుపుకోవడానికి వీలుంటుంది. నిలువు అక్షరాలకు పెన్సిల్ గీతను కాక, రంగుల అంచునే ఆధారంగా తీసుకోండి. కింద మెరిసే పెయింటు ఉంటేనే డెకాల్ అంచు వెండిలా మెరవదు.

## మోటర్, బరువు, స్థిరత్వం

డి12-3 అంటే ఏంటి? ఆ నంబర్లు నాకు అర్థం కావు.

అక్షరం మోటర్ మండినంతసేపూ ఇచ్చే మొత్తం తోపును (తోపు × సమయం) చెబుతుంది. డి అంటే 10 నుంచి 20 న్యూటన్ సెకన్ల మధ్య, ఇ అంటే 20 నుంచి 40 మధ్య. ఒక్కో అక్షరానికీ గరిష్ఠం రెట్టింపవుతూ పోతుంది. పక్కనున్న 12 సగటు తోపు, న్యూటన్లలో. చివరి 3 మోటర్ మండటం ఆగాక ప్యారాచూట్‌ను బయటికి నెట్టే వరకు పట్టే సెకన్లు. డి12 మోటర్ 24 మిల్లీమీటర్ల వ్యాసం, 70 మిల్లీమీటర్ల పొడవు. ఇ12 అదే వ్యాసం, 95 మిల్లీమీటర్ల పొడవు. కాబట్టి పొడుగు మోటర్ పెట్టాలంటే లోపలి హుక్, స్పేసర్ దానికి సరిపోవాలి.

మా రాకెట్ పెట్టె మీద రాసినదానికంటే బరువు తూగింది. ఎగరేయొచ్చా?

ముందు మోటర్, ప్యారాచూట్లు, వ్యాడింగ్ (మోటర్ వేడి ప్యారాచూట్‌కు తగలకుండా మధ్యలో పెట్టే మంటకు అంటుకోని కాగితం) అన్నీ పెట్టి కిచెన్ తూకం మీద తూచండి. డి12-3కు ఎస్టెస్ చెప్పే గరిష్ఠ బరువు 14 ఔన్సులు, అంటే దాదాపు 396 గ్రాములు. డి12-5కు 10 ఔన్సులే. ఆ గరిష్ఠం ఒక హద్దు, సౌకర్యంగా ఎగిరే బరువు కాదు. 396 గ్రాములంటే దాదాపు 3.9 న్యూటన్లు. సగటు తోపు 12 న్యూటన్లు అనుకుంటే మూడు రెట్లే వస్తుంది. సాధారణంగా అయిదు రెట్లు ఉండాలంటారు. డి12 మండగానే మొదట్లో సుమారు 30 న్యూటన్ల వరకు ఒక్కసారిగా ఎగదన్నుతుంది కాబట్టే బరువైన రాకెట్ రాడ్డు దాటుతుంది. హద్దుకు దగ్గర్లో ఉంటే గాలి లేని ఉదయం ఎంచుకోండి. హద్దు దాటితే మీ కిట్ సూచనలు ఒప్పుకునే పెద్ద మోటర్‌కు మారండి. అదీ లేకపోతే ఎగరేయకండి.

డిలే ఎక్కువున్న మోటర్ వాడితే ఇంకా ఎత్తుకు పోతుంది కదా?

ఎత్తు పెరగదు. డిలే అనేది మోటర్ ఆగిన తర్వాతి నిరీక్షణ మాత్రమే. సాటర్న్-5 ఒళ్ళు 10 సెంటీమీటర్లు. అంగుళం వ్యాసమున్న చిన్న రాకెట్ కంటే గాలికి ఎదురుపడే వైశాల్యం దాదాపు 16 రెట్లు. అందుకని మోటర్ ఆగగానే వేగం చకచకా పడిపోతుంది. 3, 4 సెకన్లకు అది ఆగి వంగడం మొదలుపెడుతుంది. 7 సెకన్ల డిలే పెడితే ముక్కు కిందకు పెట్టి వేగంగా దూకుతున్నప్పుడు ప్యారాచూట్ తెరుచుకుని, షాక్ కార్డు (ముక్కును ఒంటికి కట్టి ఉంచే తాడు) ట్యూబును చీల్చేస్తుంది. అప్పటికి నేల తాకకుండా ఉంటేనే ఆ మాట.

స్థిరంగా ఉందో లేదో ఇంట్లోనే చూడటం ఎలా?

పూర్తిగా సిద్ధమైన రాకెట్‌ను, కొత్త మోటర్‌తో సహా, ఒక దారం మీద సమతూకంగా వేలాడదీస్తే గురుత్వ కేంద్రం తెలుస్తుంది. గాలి ఒత్తిడి పనిచేసే కేంద్రం దానికి కనీసం ఒక ఒంటి వ్యాసం వెనకుండాలి. అంటే ఇక్కడ 10 సెంటీమీటర్లు. ఒత్తిడి కేంద్రాన్ని లెక్కగట్టడానికి జేమ్స్ బారోమన్ 1960ల్లో ఇచ్చిన సూత్రాలున్నాయి. ఓపెన్‌రాకెట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కొలతలు వేస్తే అది లెక్క చెబుతుంది. దారం కట్టి గిరగిరా తిప్పి చూసే పద్ధతి చిన్నవాటికి బాగుంటుంది కానీ, ఇంత పొడవుదాన్ని తిప్పాలంటే పెరట్లో చోటు చాలదు, కట్టిన టవర్ కూడా విరుగుతుంది.

బరువు చాలకపోతే క్లే ముద్దను వీలైనంత పైన పెట్టండి. గురుత్వ కేంద్రానికి 50 సెంటీమీటర్ల వెనక 10 గ్రాములు ఎక్కువైతే, దాన్ని సరిచేయడానికి 50 సెంటీమీటర్ల ముందు 10 గ్రాములు కావాలి. 25 సెంటీమీటర్ల దగ్గర పెడితే 20 గ్రాములు పడతాయి.

దీపావళి రాకెట్ మందు, లేదా ఇంట్లో చేసిన చక్కెర ఇంధనం వాడొచ్చా?

కుదరదు. 1954లో నెబ్రాస్కాలో చెప్పుల దుకాణం నడిపే ఆర్విల్ కార్లైల్ మొదటి మోడల్ రాకెట్ కట్టినప్పటి నుంచి ఈ హాబీ నిలబడింది ఒక్క నియమం మీదే: మోటర్ ఫ్యాక్టరీలో తయారైందే వాడాలి, ఇంట్లో ఇంధనం కలపకూడదు. ఆ రోజుల్లో ఇంధనం సొంతంగా కలిపి గాయపడిన కుర్రాళ్ళు చాలామంది. మోటర్‌ను కోయడం, రంధ్రం చేయడం, మందు బయటికి తీయడం కూడా ఇదే కోవలోకి వస్తాయి.

## ప్యారాచూట్, వ్యాడింగ్

ప్యారాచూట్ కాలిపోయి కరిగి ముద్దయింది. వ్యాడింగ్ పెట్టాను కదా?

ఇంత వెడల్పు ట్యూబుకు రెండు మూడు షీట్లు ఏ మూలకూ చాలవు. వేడి గాలి పక్కల నుంచి దూసుకుపోతుంది. వ్యాడింగ్ ట్యూబు నిండుగా, సందు లేకుండా, ఒంటి వ్యాసానికి ఒకటిన్నర రెట్ల లోతు ఉండాలి. అలా అని గట్టిగా కూరకండి, నెట్టే శక్తి తగ్గి ప్యారాచూట్ లోపలే ఉండిపోతుంది. మంటకు అంటుకోని వ్యాడింగే వాడాలి. మామూలు టిష్యూ పేపర్ పెడితే మండుతూ కిందపడి ఎండుగడ్డిని అంటిస్తుంది.

ప్యారాచూట్ ఎప్పుడు మడవాలి?

ప్యాడ్ దగ్గరికి వెళ్ళే ముందు. ఇంట్లో ముందు రోజు రాత్రే మడిచి పెడితే ప్లాస్టిక్ మడతలకు అలవాటుపడి, చలిలో అయితే మరీ, విచ్చుకోదు. టాల్కం పౌడర్ కొద్దిగా చల్లండి. మడిచాక ట్యూబులోకి వదులుగా జారాలి. ముక్కు భాగం అమర్చాక రాకెట్‌ను తలకిందులు చేస్తే ఆ ముక్కు జారిపడకూడదు, చేత్తో లాగితే సులువుగా రావాలి.

## ఎగరేసే రోజు

మా కమ్యూనిటీ పార్కులో ఎగరేయొచ్చా?

ముందు చోటు కొలవండి. నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రాకెట్రీ భద్రతా నియమాల ప్రకారం డి మోటర్‌కు మైదానం అతి చిన్న వైపు కనీసం 500 అడుగులు, ఇ మోటర్‌కు 1000 అడుగులు ఉండాలి. ఫుట్‌బాల్ మైదానం చాలదు. పెద్ద క్రికెట్ గ్రౌండ్ కూడా డి మోటర్‌కు బొటాబొటిగానే ఉంటుంది. తర్వాత స్థలం యజమాని అనుమతి, ఊరి ఫైర్ విభాగం నిబంధనలు చూసుకోవాలి. ఇవి రాష్ట్రాన్ని బట్టి, కౌంటీని బట్టి మారతాయి. టెక్సాస్, కాలిఫోర్నియా లాంటి చోట్ల ఎండాకాలం మంటల నిషేధం ఉంటే ఆ రోజుకు మానేయాల్సిందే. విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ విషయానికొస్తే, 1500 గ్రాముల లోపు బరువు, 125 గ్రాముల లోపు ఇంధనం ఉన్న కాగితం, చెక్క, ప్లాస్టిక్ రాకెట్లకు ముందస్తు అనుమతి అక్కర్లేదు. కానీ విమానాలకు అడ్డం రాకూడదు.

ఇన్ని తలనొప్పులు ఎందుకనుకుంటే దగ్గర్లోని రాకెట్ క్లబ్ వాళ్ళ లాంచ్ రోజున వెళ్ళండి. చోటు, ప్యాడ్, పెద్ద బ్యాటరీ, అనుభవమున్న కళ్ళు అన్నీ అక్కడే దొరుకుతాయి. సాటర్న్-5 చంకన పెట్టుకుని వచ్చినవాళ్ళ చుట్టూ జనం దానంతట అదే మూగుతారు.

గాలి ఎంతుంటే ఆపేయాలి?

నియమం గంటకు 20 మైళ్ళు దాటకూడదంటుంది. సాటర్న్-5కు నేనైతే 8 దాటితే పెట్టెలోనే ఉంచుతాను. బరువెక్కువ, రాడ్డు వదిలేటప్పుడు వేగం తక్కువ కాబట్టి గాలి తగిలిన వెంటనే గాలికి ఎదురుగా తల తిప్పి అడ్డంగా పోతుంది. చిన్న లాంచ్ ప్యాడ్ తాలూకు సన్నటి రాడ్డు దీనికి పనికిరాదు, ఊగుతుంది. కిట్‌లోని లాంచ్ లగ్‌కు సరిపోయే లావు రాడ్డు, బరువైన ప్యాడ్ కావాలి.

బటన్ నొక్కినా వెలగలేదు. పిల్లాడు దగ్గరికి పరిగెత్తబోయాడు.

ఆపండి. ముందు సేఫ్టీ తాళం తీసేయాలి లేదా బ్యాటరీ విడదీయాలి. తర్వాత 60 సెకన్లు ఎవరూ దగ్గరికి వెళ్ళకూడదు. వెళ్ళేది కూడా పెద్దవాళ్ళే. చాలాసార్లు కారణం చిన్నదే అయి ఉంటుంది: ఇగ్నైటర్ కొస మోటర్ మందును తాకలేదు, రెండు క్లిప్పులూ ఒకదానికొకటి తగిలాయి, క్లిప్పులకు మసి పట్టింది, లేదా బ్యాటరీలు నీరసించాయి. క్లిప్పులను ఉప్పు కాగితంతో రుద్దడం అలవాటు చేసుకుంటే సగం సమస్యలు రావు. మామూలు లాంచ్‌కు కూడా డి వరకు 15 అడుగులు, ఇ నుంచి 30 అడుగుల దూరంలో నిలబడాలి. రాడ్డు కొస కళ్ళకు తగలకుండా వంగే ముందు మూత పెట్టండి.

## ఎగిరాక

చెట్టు మీద, కరెంటు తీగ మీద పడితే?

తీగ మీద పడితే దాన్ని మర్చిపోండి. కర్రతో లాగడాలు, రాయి విసరడాలు వద్దు. కరెంటు కంపెనీకి ఫోన్ చేసి చెప్పడం వరకే మీ పని. ఎత్తయిన చెట్టయినా అంతే, ఎక్కకండి. గాలికి అదే పడిన సందర్భాలున్నాయి. దిగుతున్న రాకెట్‌ను పట్టుకోవడానికి పిల్లలు చేతులు చాపి పరిగెత్తడం కూడా ఆపాలి.

ఇండియా వెళ్ళేటప్పుడు తీసుకెళ్ళి తాతయ్య వాళ్ళ ఊళ్ళో పొలంలో ఎగరేద్దామని పిల్లలు అడుగుతున్నారు.

మోటర్లు వెళ్ళవు. విమానంలో చేతి సామానులోనైనా, చెక్-ఇన్‌లోనైనా నిషేధమే. ఇండియాలో అవి పేలుడు పదార్థాల చట్టం కిందికి వస్తాయి, లైసెన్సు లేకుండా దిగుమతి చేసుకోవడం నేరం. మోటర్ లేని కిట్‌ను మాత్రం బహుమతిగా పట్టుకెళ్ళవచ్చు. బ్లేడ్లు చెక్-ఇన్ సామానులో పెట్టండి. స్ప్రే డబ్బాలు ఇక్కడే వదిలేయండి. పిల్లలకు రాకెట్ చూపించాలనే కోరికైతే, సెలవుల్లో లాంచ్ పడుతుందేమో చూసి, శ్రీహరికోటలో సామాన్యులు చూడటానికి కట్టిన గ్యాలరీకి ముందుగా పేర్లు నమోదు చేసుకుని తీసుకెళ్ళండి.

మిగిలిపోయిన మోటర్లు గ్యారేజీలో పెట్టొచ్చా?

ఎండాకాలం కాలిపోయి చలికాలం గడ్డకట్టే గ్యారేజీ వాటికి మంచి చోటు కాదు. వేడి, చలి మారినప్పుడల్లా మోటర్‌లోని తుపాకిమందు దిమ్మెకు, దాని బయటి గొట్టానికి మధ్య సందు వచ్చే అవకాశముంది. అలాంటి మోటర్ వెలిగించగానే ప్యాడ్ మీదే పేలుతుంది. ఇంట్లో, పొయ్యికి దూరంగా, పొడిగా ఉండే అలమరలో పిల్లలకు అందనంత ఎత్తులో పెట్టండి. పాడైందనుకున్నదాన్ని కాల్చకండి. నీళ్ళ బకెట్‌లో పడేస్తే మందు నాని విడిపోతుంది, అప్పుడు పారేయవచ్చు.